బలం మాత్ర

రోజూ ఒక మాత్ర, వారానికొకసారి మొగుడు. మా సంసారం సంగతి ఒక్క ముక్కలో చెప్పమని అప్పట్లో ఎవరైనా అడిగితే ఇదే చెప్పేదాన్ని. మా ఆయనకు బేకరీలో రాత్రి పని, నాకు పింగాణీ ఫ్యాక్టరీలో పగటి పని. సాయంత్రం నేను మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసరికి అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండేవాడు. పొద్దున అతను బన్నుల పొట్లంతో మెట్లెక్కుతుంటే నేను సంచీ భుజాన వేసుకుని దిగేదాన్ని. అతనికి సెలవుండే ఆ ఒక్క రోజు కోసం మిగిలిన రోజులన్నీ మాత్ర మింగడం, ఎప్పుడో వచ్చే చుట్టం కోసం రోజూ పక్క దులిపినట్టుండేది. అయినా మింగేదాన్ని. ఇద్దరం ఒకే వేళకు ఇంట్లో ఉండే రోజులు వచ్చాకే మూడో మనిషి సంగతి ఆలోచిద్దామని పెళ్ళయిన కొత్తలోనే అనుకున్నాం.

నిజానికి ఇంట్లో మూడో మనిషి ఉండనే ఉన్నారు. మామయ్య. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. అత్తయ్య పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వంటింటి కిటికీ పక్కన కుర్చీ ఆయనది. రాత్రి ఎనిమిదింటికి నా ఫోన్లో అలారం మోగడం, నేను అలమర మీది అట్ట తీసి మాత్ర వేసుకోవడం ఆయన కళ్ళెదుటే జరిగేవి. కొత్తలో ఒకసారి, "ఏం మాత్రమ్మా అది?" అని అడిగారు. మామగారికి ఏమని చెప్పను? "బలం మాత్ర మామయ్యా" అన్నాను. "మంచిది, మంచిది" అని కిటికీ వైపు తిరిగిపోయారు. అప్పటినుంచి అలారం మోగినప్పుడు నేను స్నానాలగదిలో ఉంటే, "అమ్మాయ్, నీ బలం మాత్ర!" అని కేకేసేవారు. ఎదురింటివాళ్ళకి కూడా నా బలం సంగతి తెలిసిపోయింది.

ఆ వానాకాలం మొదట్లో ఆ మాత్ర మారింది. పాతది రావడం ఆగిపోయిందట. క్లినిక్‌లో డాక్టరమ్మ వేరే రకం రాసింది. "ఇందులో మందు వేరు. కొన్నాళ్ళు వికారంగా ఉండొచ్చు, తలనొప్పి రావొచ్చు, మధ్యలో మరకలు కనబడొచ్చు, మనసు అదోలా ఉండొచ్చు. రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆలస్యం చెయ్యకుండా రా" అంది. బయట బెంచీ మీద ఇంకా చాలామంది ఉన్నారు. నేను తలూపి లేచాను. వికారం, తలనొప్పి, మరకలు గుర్తుపెట్టుకున్నాను. మనసు అదోలా ఉండొచ్చన్న మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. ఇల్లూ ఫ్యాక్టరీ రెండూ లాక్కొచ్చే ఆడదానికి మనసు అదోలా కాక ఇంకెలా ఉంటుంది అనుకున్నాను.

వికారం వచ్చింది, పోయింది. మరకలు వచ్చాయి, విసిగించాయి. గడ్డం మీద మొటిమలు లేచాయి. ఫ్యాక్టరీలో నా పక్క పీట మీద కూర్చునే ఆవిడను అందరం రేడియో అంటాం. నోట్లో మాట దాగదు. ఆవిడ నా మొహం చూసి, "ఏమేవ్, మళ్ళీ పదో తరగతిలో చేరావా?" అంది. అంతకుముందైతే దానికి తగ్గ సమాధానం ఒకటి విసిరేదాన్ని. ఆ రోజు సమాధానం వెతకాలని కూడా అనిపించలేదు.

దిగులు ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. వికారంలాగా ఫలానా రోజున వచ్చిందని చెప్పడానికి లేదు. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ సీటంటే నాకు ప్రాణం. కూర్చున్నాను, వాన చూస్తున్నాను, నాకేమీ అనిపించలేదు. దిగాల్సిన చోటు దాటిపోయాక తెలిసింది. వెనక్కి నడుస్తూ, ఇంటికి తొందరగా వెళ్ళాల్సిన పనేముంది, ఎవరున్నారు గనక అనుకున్నాను. మామయ్య ఉన్నారు, పావుగంట సేపైనా మా ఆయన ఉంటాడు. ఆ లెక్క నాకు తెలియక కాదు. వాళ్ళున్నా ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుండేది.

మా ఆయనకు సెలవు రోజు వచ్చింది. సెలవు రోజున అతను పగలు పడుకోడు, ఆ పగలు నాకోసం దాచుకుంటాడు. నాకూ ఫ్యాక్టరీ సెలవు ఆ రోజే. మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుంటే గది తలుపు వేసి వచ్చి, "వాన తగ్గింది. అలా వంతెన దాకా వెళ్ళొద్దామా?" అన్నాడు.

"మీరు వెళ్ళి రండి. నాకు ఓపిక లేదు."

అతను తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "తలుపు వేసే ఉంది" అన్నాడు.

"అయితే?"

"తలుపు వేసి ఉంటే నువ్వు నన్ను మీరు అనవుగా."

నిజమే. మామయ్య ఎదుట మీరు, తలుపు వేశాక నువ్వు. పెళ్ళయిన దగ్గరనుంచీ అంతే. ఎప్పటినుంచి మానేశానో నేనే చూసుకోలేదు. ఏదో ఒకటి చెప్పి నవ్వేస్తే పోయేది. "నోటికొచ్చిందేదో అన్నాను, దానికో పంచాయితీ ఎందుకు?" అని విసుక్కున్నాను. అతను నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. పొయ్యి దగ్గర పనిచేసే మనిషి చెయ్యి, ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనం కోసం వారమంతా ఎదురుచూసినదాన్ని నేనే. ఆ రోజు అది ఎవరిదో పరాయి చెయ్యిలా అనిపించింది. "నిద్రొస్తోంది" అన్నాను. చెయ్యి తీసేశాడు. తీసేస్తే హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ప్రేమ అయిపోయిందనుకున్నాను. డబ్బాలో పంచదార అయిపోయినట్టు అదీ ఒకరోజు అయిపోతుందేమో, అడుగున చెంచా గీరుకునేదాకా తెలియదేమో అనుకున్నాను. మాత్ర మారిందన్న సంగతి తలలోకే రాలేదు. మొటిమలను చూసినప్పుడు మాత్రను తిట్టుకున్నాను గానీ, మొగుణ్ణి చూసి ఏమీ అనిపించనప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను? రేడియోతో చెబితే సాయంత్రానికి ఊరంతా మోగుతుంది. మా అమ్మతో చెబితే, "మంచి మొగుడు దొరికితే ఇలాగే ఉంటుంది, కొట్టేవాడైతే తెలిసేది" అంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేస్త్రీ పిలిచాడు. మా విభాగానికి పెద్ద, కోపిష్టి అని పేరు. కంపెనీ ఇంకో ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ పెడుతోంది. రైల్లో రెండు రోజుల ప్రయాణం. అక్కడ కొత్తగా పనిలో చేరే పిల్లలకు కప్పులు తట్టి చూడడం నేర్పే మనిషి కావాలి. రెండేళ్ళు ఉండాలి, ఉండడానికి గది ఇస్తారు, వానలు వెనకపట్టగానే బయల్దేరాలి.

"నీ చెవి మంచిది. వెళ్తావా?" అన్నాడు.

"వెళ్తాను."

"ఇంట్లో అడిగి చెప్పమ్మా."

"అడగక్కర్లేదు. నా పేరు రాసుకోండి."

అతను కళ్ళజోడు పైకెత్తి నన్ను చూసి, పేరు రాసుకున్నాడు. ఆ వారమంతా నాకు ఊరటగా అనిపించింది ఆ ఒక్క ఆలోచనే. ఆ గదిలో నా కోసం బన్నుల పొట్లం తెచ్చేవాళ్ళుండరు. నేను నవ్వలేదేమని మొహంలోకి చూసేవాళ్ళుండరు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మింగలేను, కక్కలేను అన్నట్టుండేది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. బట్టీలోంచి దిగిన కప్పులు పళ్ళాల్లో మా ముందుకొస్తాయి. ఒక్కో కప్పునీ మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, అంచు మీద చెక్కపుల్లతో చిన్నగా తడతాం. బాగున్నది టింగుమని పలుకుతుంది. కంటికి కనబడని బీట ఎక్కడైనా ఉంటే టొక్కుమంటుంది. పలికినవి కుడివైపు, మూగవి ఎడమవైపు ఎర్ర డబ్బాలోకి. ఎర్ర డబ్బాలోవి సాయంత్రం పగలగొట్టి పొడి చేస్తారు. ఈ పనికి చదువక్కర్లేదు, చెవి కావాలి, చెయ్యి తేలికగా ఉండాలి. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాను. నిద్రలో తట్టినా తప్పు రాదని నాకు గర్వం.

ఆ నెల ఒక కప్పు నా వేళ్ళ మీంచి జారి పడి పగిలింది. ఎవరికైనా పగులుతుంది. అందరూ నవ్వారు, రేడియో చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అక్కడే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత నుంచి ఎక్కడ జారిపోతుందోనని భయంగా పట్టుకోవడం మొదలుపెట్టాను. నా ఎర్ర డబ్బా తొందర తొందరగా నిండసాగింది. బట్టీ పాడైందేమో, ఈ సరుకంతా బీటలే అనుకున్నాను. అన్నీ మూగగానే ఉంటే నాకేమీ వింతగా తోచలేదు.

ఒకరోజు పూర్తిగా పొద్దెక్కకముందే మేస్త్రీ నా పీట దగ్గరికొచ్చాడు. నా ఎర్ర డబ్బాలోంచి ఒక కప్పు తీసి వేళ్ళ మీద నిలబెట్టి తట్టాడు. టింగుమంది. ఇంకోటి తట్టాడు. టింగుమంది. డబ్బాలో సగానికి పైగా అలాగే పలికాయి. చుట్టూ పుల్లల చప్పుడు ఆగిపోయింది. అతను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. ఒక కప్పు నా చేతికిచ్చి, "నువ్వు తట్టు" అన్నాడు.

తట్టాను. టొక్కుమంది.

"నీ చెయ్యి చూసుకో" అన్నాడు మెల్లగా. "గుప్పిట్లో బిగించి పట్టుకుంటే ఏ కప్పు పలుకుతుందమ్మా? కొత్తగా చేరిన పిల్లలు కూడా ఇలా పట్టుకోరు."

చూసుకున్నాను. నా నాలుగు వేళ్ళూ కప్పు నడుము చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. ఎన్ని రోజులుగా ఇలా పట్టుకుంటున్నానో, ఎన్ని మంచి కప్పులు పొడి అయిపోయాయో తెలియదు. "ఇంటికి పో" అన్నాడు. "రెండు రోజులు పడుకో. ఒంట్లో ఏదో బాగోలేదు నీకు. ఆ ఊరి సంగతి తర్వాత చూద్దాం, పేరు కొట్టెయ్యనులే." రేడియో కూడా నోరెత్తలేదు. ఆవిడ నోరెత్తకపోవడం చూసి నాకు మరీ భయం వేసింది.

పెళ్ళయ్యాక మామూలు రోజున మధ్యాహ్నం నేను ఇంట్లో ఉన్నది లేదు. నా తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వస్తే ఇల్లు నాకు తెలిసిన ఇల్లులా లేదు. తలుపు గంటకు పాత గుడ్డ చుట్టి ఉంది. టీవీ ఆపేసి ఉంది, గడియారం ముందుగది నుంచి వంటింట్లోకి మారింది. కిటికీ పైనున్న రేకు మీద గోనెసంచీ పరిచి, కదలకుండా ఇటుకలు పెట్టారు. వాన పడుతోంది గానీ రేకు మోత లేదు. మామయ్య చెప్పుల్లేకుండా, అడుగులో అడుగేసుకుంటూ ఎదురొచ్చి నోటి మీద వేలు పెట్టి గది వైపు చూపించారు. కొడుకు నిద్రపోతున్నాడు. రోజూ పగలంతా ఆయన చేసే డ్యూటీ ఇది. ఒక్కరోజు కూడా నాతో చెప్పలేదు.

గది తలుపు కొంచెం తోసి చూశాను. మా ఆయన పడుకుని ఉన్నాడు. అంత పెద్ద మంచం మీద గోడవైపు తన సగంలోనే ముడుచుకుని పడుకున్నాడు. నా సగం దుప్పటి నలగలేదు, నా తలగడ నేను పెట్టిన చోటే ఉంది. రాత్రి నేను పడుకునేటప్పుడు అతని సగం కూడా అలాగే ఉంటుంది. అటు కాలు చాపను. వారానికి ఒక్కరోజు తప్ప ఒకేసారి పడుకోని మంచం మీద ఇద్దరమూ సగమే వాడుకుంటున్నాం. పగలు మంచమంతా అతనిదే కదా, ఎవరొచ్చి అడుగుతారని? తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నాకేదో అనిపించింది. ప్రేమ అని చెప్పను, జాలి అని కూడా చెప్పను. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి అనిపించింది, అంతే.

వంటింట్లో మామయ్య టీ పెట్టారు. చెంచా గిన్నెకు తగలకుండా తిప్పడం కూడా ఒక విద్యే. నావైపు వీపు పెట్టి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఒక మాట అడిగితే ఏమీ అనుకోవు కదా" అన్నారు.

"అడగండి మామయ్యా."

"నీ బలం మాత్ర మారింది కదూ."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "లేదండీ, అదే మాత్ర. మరి, బలానికే" అన్నాను.

"అట్ట మారిందమ్మా. ముందు ఆకుపచ్చది ఉండేది. వానలు మొదలైనప్పటినుంచీ తెల్లది." పొయ్యి తగ్గించారు. "ఆకుపచ్చ అట్ట ఉన్నన్నాళ్ళూ నువ్వు గిన్నెలతో పోట్లాడేదానివి. కుళాయిని తిట్టేదానివి. తడికాళ్ళతో వంటింట్లోకి వస్తే నన్ను కూడా రెండు మాటలనేదానివి. తెల్లది వచ్చాక చప్పుడే లేదు. మొన్న కావాలనే తడికాళ్ళతో వచ్చాను. రెండుసార్లు వచ్చాను. నువ్వేమీ అనలేదు."

ఆయన ఇంకా అటే తిరిగి ఉన్నారు.

"మీ అత్తయ్య కూడా బలం మాత్రలే వేసుకునేది. వీడు పుట్టాక. మా అమ్మ అడిగితే అలాగే చెప్పేది. ఏ బలమో నాకు తెలుసు కదా." గ్లాసు అందుకున్నారు. "ఒకసారి వేరేవి ఇచ్చారు. ఆ ఏడంతా ఆవిడ నవ్వింది లేదు. నా మీద విసుగు పుట్టిందనుకున్నాను. బండి చప్పుడు కాస్త మారితే పట్టేసేవాణ్ణి, ఇంట్లో చప్పుడు మారితే పట్టలేదు. పౌరుషానికి పోయి దూరం డ్యూటీలు వేయించుకున్నాను. తర్వాత ఎవరో చెబితే మాత్ర మానేసింది, బాగానే అయింది. కానీ అప్పటికి నేను ఇంట్లో లేకపోవడం ఆవిడకి అలవాటైపోయింది."

టీ గ్లాసు నా ముందు పెట్టి, మొహం చూడకుండా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. "డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిరా తల్లీ. నేనేమీ అడగలేదు, నువ్వేమీ చెప్పలేదు."

ఏడ్చాను. కుళాయి తిప్పుకోకుండా ఏడ్చాను. ఆయన వాన చూస్తూ కూర్చున్నారు.

డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని, మధ్యలో ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. "కొందరికి ఈ రకం పడదు. నీకు మాత్ర వల్లేనా అంటే పక్కాగా చెప్పలేను. మారుద్దాం. మాత్ర వల్లే అయితే తగ్గాలి. తగ్గకపోతే మళ్ళీ రా, దిగులుకి కూడా వైద్యం ఉంది, అందులో సిగ్గేమీ లేదు" అంది. నెలసరి వచ్చాక మొదలుపెట్టమని ఇంకో రకం రాసింది. అప్పటిదాకా జాగ్రత్త మీ ఆయన చూసుకోవాలి అంది.

ఆ సాయంత్రం మా ఆయన బయల్దేరుతుంటే అతని వెనకే మెట్లు దిగాను. కింద వీధి తలుపు దగ్గర అతను గొడుగు విప్పుతున్నాడు.

"నీకో మాట చెప్పాలి. వేరే ఊరి ఫ్యాక్టరీకి వెళ్తానని పేరిచ్చాను."

"తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మీ రేడియో బన్నులు కొనడానికొచ్చింది. బన్నులు కొని ఊరికే పోతుందా?"

"మరి అడగలేదేం?"

గొడుగు విప్పాడు, మళ్ళీ మూశాడు. "నువ్వే చెబుతావని. రోజూ పొద్దున మెట్లెక్కేటప్పుడు భయమేసేది. నువ్వు ఎదురొస్తే, సరే, ఇవాళ్టికి ఉంది అనుకునేవాణ్ణి."

నేనేమో అతనికేమీ తెలియదనుకున్నాను. అక్కడే, వీధిలో జనం పోతుంటే, మాత్ర సంగతి చెప్పాను. కప్పుల సంగతి చెప్పాను. మామయ్య చెప్పింది మాత్రం చెప్పలేదు, అది ఆయనకూ నాకూ మధ్య మాట. అంతా విని, "అంటే నేను కాదా?" అన్నాడు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

కాదు అనేస్తే ఎంత బాగుండేది. "ఏమో, తెలియదు" అన్నాను. "మాత్ర మారాక చూడాలి."

"సరే. చూద్దాం" అని వానలోకి దిగాడు. గొడుగు చేతిలోనే ఉండిపోయింది, విప్పలేదు.

జాగ్రత్త అతనే చూసుకోవాలి కదా. మందుల షాపుకు వెళ్ళాడు. అక్కడ తెలిసినావిడ ఎవరో నిలబడి ఉందట, టూత్‌పేస్టు కొనుక్కుని వచ్చేశాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ టూత్‌పేస్టు. మూడోదాన్ని చూసి మామయ్య, "ఇంట్లో ఎవరికి పళ్ళు ఎక్కువయ్యాయిరా?" అన్నారు. నేను వంటింట్లో నవ్వాను. నవ్వానని నాకు తెలిసేలోపే నవ్వేశాను. ఆ చప్పుడుకి ఇద్దరూ మాటలు ఆపేసి నా వైపు చూశారు.

కొత్త మాత్ర అట్ట లేత నీలం. దిగులు ఒక్కసారిగా పోలేదు. ఒకరోజు రేడియో మీద కోపం వచ్చింది, నిజమైన కోపం. ఇంకోరోజు బస్సులో కిటికీ సీటు కోసం ఒకావిడతో పోట్లాడాను. కప్పులు పలకడం మొదలుపెట్టాయి. మేస్త్రీ రెండుసార్లు వచ్చి నా ఎర్ర డబ్బా తట్టి చూసుకుని, గొణుక్కుంటూ పోయాడు. మామయ్య తడికాళ్ళతో వంటింట్లోకొచ్చారు. "ఇప్పుడే తుడిచాను మామయ్యా, కళ్ళు కనబడవా!" అని అరిచాను. ఆయన అంత సంతోషంగా తిట్లు తినడం నేనెన్నడూ చూడలేదు.

అంతా పోయాక ఒకటి మిగిలింది. వానలు వెనకపట్టాయి, ఆకాశం కడిగినట్టుంది, ఒంట్లో బాగుంది, అయినా సాయంత్రం అతను మెట్లు దిగుతుంటే ఛాతీలో అదే బరువు. మొదట భయపడ్డాను, మళ్ళీ వచ్చిందని. కొన్నాళ్ళు చూశాను. పొద్దున ఉండేది కాదు, పనిలో ఉండేది కాదు. సరిగ్గా ఆ మెట్ల చప్పుడు దగ్గరే ఉండేది. పాత ఆకుపచ్చ అట్ట రోజుల్లో కూడా ఉండేదని, గిన్నెల చప్పుడులో దాన్ని కప్పేసుకున్నానని అప్పుడు తెలిసింది.

సెలవు రోజున వంతెన దాకా నడిచాం. అక్కడ చెప్పాను.

"ఇది మాత్రది కాదు. ఇది నాదే."

"ఏది?"

"నువ్వు వెళ్ళడం. నాకది పడదు. ఎప్పుడూ పడలేదు. ఏ ఊరికీ వెళ్ళను నేను, మేస్త్రీకి చెప్పేశాను, నా బదులు రేడియో వెళ్తానంది. కానీ ఇలా ఉండలేను."

అతను వంతెన గోడ మీద చేతులానించాడు. "తెల్లవారుజాము షిఫ్టు ఒకటి ఉంది. మూడింటికి లేవాలి. అడగలేదెప్పుడూ" అన్నాడు. "నీకు ఇలాగే బాగుందేమో అనుకున్నాను."

"అడగందే అమ్మైనా పెట్టదు."

"ఎవర్ని అంటున్నావు, నన్నా, నిన్నా?"

ఇద్దర్నీ అన్నాను.

యజమాని సణిగాడు, ఇంకో మనిషి దొరికేదాకా ఆగమన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. మూడింటికి లేవాల్సిన మనిషి ఎనిమిదిలోపే పడుకోవాలి. మొదటి రోజు నాకు నిద్ర రాకపోయినా వెళ్ళి పడుకున్నాను. అతను గోడవైపు తన సగంలో, నేను కిటికీవైపు నా సగంలో. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు. ఇద్దరం పైకప్పు చూస్తూ, పరాయివాళ్ళింటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలా బిగుసుకుని ఉన్నాం. ఎవరూ జరగలేదు. ఎలా జరగాలో ఇద్దరికీ తెలియలేదు.

వంటింట్లో నా ఫోను అలారం మోగింది. నేను లేవబోయేలోపే మామయ్య కేక వినబడింది. ఎదురింటికి, ఆ పైన మేడకు కూడా వినబడే ఉంటుంది.

"అమ్మాయ్, నీ బలం మాత్ర!"

మంచం కదిలింది. చూస్తే అతను దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాడు. "ఆయనకి తెలుసా?" అన్నాడు ఊపిరి తిప్పుకుని.

"ఏమో. నేనేమీ చెప్పలేదు, ఆయనేమీ అడగలేదు" అన్నాను.

లేచి వెళ్ళి మాత్ర వేసుకున్నాను. మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తిరిగి వచ్చేసరికి అతను మంచం మధ్యలోకి వచ్చేసి ఉన్నాడు, అప్పుడే నిద్రపట్టేసింది. నా సగంలో సగం ఆక్రమించాడు. మిగిలిన చోట్లో పక్కకు తిరిగి పడుకున్నాను. చాలా ఇరుకుగా ఉంది.